పాత ఆక్టావియా ఆర్‌ఎస్‌కు ముందు సస్పెన్షన్ మార్చడం: బుష్ బోల్టు బిగించే ముందు టేపు పట్టండి

స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ మన దేశంలో 2004లో అమ్మకానికి వచ్చింది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్ పవర్. ఇన్నేళ్లకు కూడా ఇంజిన్‌ను శ్రద్ధగా చూసుకుంటే గట్టిగానే ఉంటుంది. మొదట పోయేది కింద సస్పెన్షన్‌లోని రబ్బరు. నా కారు లక్షా ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. అందులో సగం మన నల్లగొండ జిల్లా రోడ్ల మీదే. మిర్యాలగూడ వైపు బియ్యం లారీలు తొక్కి తొక్కి దిగబడిన తారు, ఊరికి రెండు చొప్పున రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, మే నెల ఎండ. వీటి కింద రబ్బరు ఎక్కువ కాలం ఆగదు.

ఈ పని మీరే చేసుకోవచ్చు. మీరు చేయకపోయినా, చేయించేటప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలో తెలిసి ఉండాలి. ఎందుకంటే నాకు ఒకసారి దెబ్బ తగిలింది. మూడేళ్ల కింద ఒక గ్యారేజీలో రెండు లోయర్ ఆర్మ్‌లూ (చక్రాన్ని కారు కింది భాగానికి కలిపే చేతులు) కొత్తవి వేయించాను. ఎనిమిది నెలలకే వాటి ముందు వైపు రబ్బరు బుష్షులు చిరిగిపోయాయి. "రోడ్లు అట్లున్నయ్ సార్, మేమేం జేస్తం" అన్నారు. ఆర్మ్ విప్పి చేతిలోకి తీసుకుని చూశాను. రబ్బరు చుట్టూ సమంగా అరగలేదు, ఒకే వైపుకు మెలిపడి, నెలవంక ఆకారంలో చీలింది. రోడ్డు వల్ల పోయిన రబ్బరు అలా ఉండదు. కారును లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేశారు. తప్పు అక్కడ జరిగింది.

ఇది అర్థమైతే మిగతా పనంతా సులువు. బుష్‌లో బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఒక ఉక్కు గొట్టం, మధ్యలో రెంటికీ అంటుకుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కారుకు పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు అది తిరగదు, రబ్బరే మెలి తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. కాబట్టి మీరు ఏ స్థితిలో బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారును కిందికి దించగానే రబ్బరు పిండిన బట్టలా మెలిపడి కూర్చుంటుంది. ఇంట్లో ఊరికే నిలబెట్టినా దానికి విశ్రాంతి లేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆ మెలి మీద ఇంకో మెలి పడుతుంది.

ముందు ఏది పోయిందో తేల్చుకోండి

చప్పుడు చెప్పగానే చాలామంది "షాకబ్జర్లు పోయినయ్ సార్, మార్సాలె" అంటారు. తొందరపడకండి. చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం తెలిసిపోతుంది.

నెమ్మదిగా పోతుంటే, చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద టక్ టక్‌మంటోందా? చాలాసార్లు అది లింక్ రాడ్, అంటే కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ చివర ఉండే చిన్న కడ్డీ. అన్నిటికన్నా చవకైన భాగం, అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేదీ అదే. కారు ఆపి ఉండగా స్టీరింగ్ తిప్పితే ముందు నుంచి టంగ్‌మని స్ప్రింగు మోగుతోందా? స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే నిలువు భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్ చూడండి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మీరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించండి. స్ప్రింగు నున్నగా తిరగకుండా ఆగి ఆగి ఎగిరినట్టు తగిలితే బేరింగ్ పోయినట్టే. బ్రేకు కొట్టినప్పుడు కారు ముక్కు ఒక పక్కకు లాగి, వదలగానే తిరిగి వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను అనుమానించండి. ఈ కారులో అది నిలువుగా ఉండే పెద్ద బుష్. లోపల కావాలనే కొంత ఖాళీ వదిలి పోసిన రబ్బరు ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు బరువు పడేది దాని మీదే.

ఇప్పుడు ముందు చక్రాలు ఎత్తి, స్టాండ్ల మీద పెట్టి చేతితో చూడండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే కీలు) కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. తేడా తెలియాలంటే లోపల కూర్చున్నవారిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆడితే, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ దగ్గర వేలు ఆనించి చూడండి, కదలిక వేలికి తెలుస్తుంది. బుష్షుల దగ్గర పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా వంచండి. రబ్బరు పైపైన సన్నని గీతలు పడితే వయసు అనుకోవచ్చు. లోపలిదాకా చీలి, లోహం కనిపిస్తే మార్చాల్సిందే.

షాకబ్జర్ల విషయంలో బంపర్ నొక్కి ఊపి చూసే పద్ధతి పూర్తిగా చచ్చినవాటినే పట్టిస్తుంది, సగం పోయినవాటిని పట్టించదు. ఒంటి మీద పలచగా నూనె చెమ్మ, దానికి దుమ్ము అంటుకుని ఉంటే కంగారు వద్దు. నూనె కిందికి కారిన చార కనిపిస్తే మాత్రం పని అయిపోయినట్టే. పైన తెల్లని బంప్ స్టాప్ స్పాంజి పొడి పొడిగా రాలిపోయిందేమో కూడా చూడండి. లక్ష దాటిన కార్లలో అది ఉండాల్సిన చోట తరచూ ఖాళీయే ఉంటుంది.

ఏం కొనాలి

ఎడమది పోతే కుడిది కూడా కొనండి. స్ట్రట్లు, బుష్షులు, బాల్ జాయింట్లు అన్నీ జతగానే మార్చాలి. డబ్బు తక్కువ ఉంటే మొదట బుష్షులు, బాల్ జాయింట్లు, లింక్ రాడ్లు మార్చి, స్ట్రట్లు తర్వాతి విడతకు వదలండి. చిరిగిన బుష్షుల మీద కొత్త ఖరీదైన షాకబ్జర్లు వేసి బాధపడినవాళ్లను చూశాను. షాకబ్జర్ ఎంత మంచిదైనా దాన్ని పట్టుకున్న ఆర్మ్ నిలకడగా లేకపోతే కారు కుదురుగా ఉండదు.

సాక్స్, లెమ్‌ఫోర్డర్, బిల్‌స్టీన్ లాంటి కంపెనీలు ఈ తరహా కార్లకు భాగాలు చేస్తాయి. బిల్‌స్టీన్‌లో బీ4 అంటే కంపెనీ నుంచి వచ్చినదానికి సరిసమానం, బీ6 అంతకన్నా బిగువు. మన రోడ్లకు నేను మొదటిదే వేస్తాను. మనకు దగ్గర్లో విడిభాగాలు దొరికే చోట్లు హైదరాబాద్‌లోనే. హైవే మీద వెళ్తే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ ముందు తగులుతుంది, సికింద్రాబాద్ రాణిగంజ్ ఇంకొంచెం దూరం. వెళ్లేటప్పుడు కారు ఛాసిస్ నంబరు రాసుకెళ్లండి. వీలైతే పాత భాగం ఫొటో కూడా. మామూలు ఆక్టావియాకూ ఆర్‌ఎస్‌కూ కొన్ని భాగాలు ఒకటే, స్ప్రింగులు, షాకబ్జర్లు అలా కాదు.

పాలీయూరిథేన్ బుష్షుల గురించి చాలామంది అడుగుతారు. అవి గట్టివి, స్టీరింగ్ చురుగ్గా అనిపిస్తుంది. కానీ రోడ్డు మీద ఉన్న ప్రతి కంకర రాయీ సీటులోకి తెలుస్తుంది, గ్రీజు ఆరితే కీచుమంటాయి. రేస్ ట్రాక్ మీద తిప్పేవాళ్లకు సరే. దేవరకొండ పోయొచ్చేవారికి రబ్బరే మేలు.

బోల్టుల సంగతి మరచిపోవద్దు. ఈ కారులో ఆర్మ్ బోల్టులు, బాల్ జాయింట్ బోల్టులు, స్ట్రట్‌ను పట్టే బోల్టు మొదట టార్క్ (మాన్యువల్ చెప్పినంత తిప్పే బలం) పెట్టి, ఆ తర్వాత డిగ్రీల లెక్కన ఇంకొంత తిప్పి బిగించేవి. అలా బిగించినప్పుడు బోల్టు కొంచెం సాగుతుంది. ఒకసారి సాగినదాన్ని మళ్లీ వాడకూడదు. నైలాన్ ఉన్న లాక్ నట్లు కూడా అంతే. కొత్తవి కొని పెట్టుకోండి.

పని మొదలు

ఫిబ్రవరి లోపు చేసుకోండి. ఎండాకాలం తప్పదనుకుంటే తెల్లవారి అయిదింటికే మొదలుపెట్టండి. మా దగ్గర మేలో పదింటికి పానా ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ముందు రోజు సాయంత్రం బోల్టులన్నిటినీ వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా నాననివ్వండి. రబ్బరు పక్కన గ్యాస్ మంట పెట్టి వేడి చేసే పని వద్దు.

జాకీ ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. కారును చదునైన సిమెంటు నేల మీద, లోపల ఎవరూ లేకుండా నిలబెట్టండి. రెండడుగులు ముందుకూ వెనక్కూ తోసి స్ప్రింగుల మీద కుదురుకోనివ్వండి. టేపు తీసుకుని, చక్రం నట్టనడుమ నుంచి నిలువుగా పైన ఫెండర్ అంచు దాకా కొలవండి. నా కారుకు ఎడమ పక్క 36.5 సెంటీమీటర్లు, కుడి పక్క 36.3 వచ్చింది. మీ కొలత మీది. ఫెండర్ మీద కాగితం టేపు అంటించి, అంకె దాని మీదే రాయండి. సాయంత్రం చీకటి పడ్డాక మీకు అక్కరకు వచ్చేది ఆ అంకే.

ఇప్పుడు చక్రం బోల్టులు నేల మీదే కాస్త వదులు చేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. ముందు రెండు చక్రాలూ ఎత్తాలి, ఒకటి కాదు. ఒక్క పక్కే ఎత్తితే యాంటీ రోల్ బార్ మెలిపడి లింక్ రాడ్ మీద బలం ఉంటుంది, విప్పుతుంటే చేతికి కొడుతుంది. కారు స్టాండ్ల మీదే నిలబడాలి. జాకీ మీద వదిలి ఎన్నడూ కిందికి దూరకండి. ఇటుకలూ, బండలూ వద్దు. ఇటుక నొటీసు ఇవ్వకుండా పగులుతుంది. నేల మట్టిదైతే స్టాండ్ కింద మందపాటి చెక్క పలక వేయండి. తీసిన చక్రాన్ని కారు గడప కింద తోసి ఉంచితే అదొక అదనపు రక్ష.

ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్కకు వెళ్లండి. ముట్టుకోని పక్కను చూసి ఏ భాగం ఎలా ఉండాలో తెలుసుకోవచ్చు.

ముందు లింక్ రాడ్ విప్పండి. తర్వాత ఏబీఎస్ సెన్సర్ తీగను, బ్రేకు గొట్టాన్ని స్ట్రట్ నుంచి విడిపించండి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పట్టే భాగం) తీయాల్సి వస్తే దాన్ని బ్రేకు గొట్టం మీద వేలాడదీయకండి, బైండింగ్ వైరుతో స్ప్రింగు పక్కన కట్టండి. బాల్ జాయింట్ మూడు బోల్టులతో ఆర్మ్‌కు ఉంటుంది. ఆ రంధ్రాలు కొంచెం పొడవుగా ఉంటాయి కాబట్టి, విప్పకముందే బాల్ జాయింట్ కూర్చున్న చోట చుట్టూ తెల్ల పెయింటుతోనో గీతతోనో గుర్తు పెట్టండి. ఆ గుర్తు లేకుండా బిగిస్తే చక్రం వాలు మారిపోతుంది. బాల్ జాయింట్ విడిపోగానే హబ్ (చక్రం బిగించే భాగం) బయటికి ఊగుతుంది. ఒక చేత్తో పట్టుకోండి. ఎక్కువ బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ మీద బలం పడుతుంది, రబ్బరు బూట్ కూడా చిరగవచ్చు. ఆర్మ్ ముందు బోల్టు అడ్డంగా, వెనక బోల్టు నిలువుగా ఉంటాయి. రెండూ తీస్తే ఆర్మ్ చేతికొస్తుంది.

స్ట్రట్ కింది భాగం హబ్ లోపలికి దూరి ఉంటుంది, చీలిక ఉన్న చోట ఒక బోల్టు దాన్ని నొక్కి పట్టుకుంటుంది. బోల్టు తీసినా అది ఊడి రాదు. ఆ చీలికలో పెట్టి తిప్పితే తెరుచుకునే చిన్న స్ప్రెడర్ దొరుకుతుంది. అది కొనండి. స్క్రూడ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టి హబ్‌ను చీల్చేసినవాళ్లున్నారు. స్ప్రెడర్ తిప్పాక హబ్‌ను చెక్కతో మెల్లగా కిందికి తడితే జారుతుంది. అప్పుడు బానెట్ లోపల పై నట్ తీయండి. తీసేటప్పుడు స్ట్రట్ బరువును ఇంకొకరు కింద పట్టుకోవాలి.

స్ప్రింగు దగ్గర ఆగండి

ఈ ఒక్క దశలో నాకు ఈ రోజుకీ టెన్షన్ ఉంటుంది, ఉండాలి కూడా. స్ట్రట్ మీద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. దాన్ని స్ప్రింగ్ కంప్రెసర్‌తో (రెండు కొక్కేలతో స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) నొక్కకుండా నడుమ నట్ విప్పితే మౌంట్ తుపాకి గుండులా లేస్తుంది. రెండు కొక్కేలనూ స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా పట్టించండి. ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు, సమంగా బిగించండి. ఎయిర్ గన్ పెట్టకండి, చేతి రించ్‌తోనే చేయండి. స్ప్రింగు పై పళ్లెం నుంచి వదులై, చేతితో తిప్పితే తిరిగినప్పుడే నట్ ముట్టుకోవాలి. మీ ముఖం, ఇంకొకరి ముఖం స్ట్రట్ కొనకు ఎదురుగా ఉండకూడదు. కంప్రెసర్ మర పాతదై అరిగి ఉంటే ఈ పని వదిలేసి, స్ట్రట్‌ను గ్యారేజీకి పట్టుకెళ్లి అక్కడ మార్పించండి. అయిదు నిమిషాల పని.

కొత్త షాకబ్జర్ మెరిసే కడ్డీని పకడుతో పట్టుకోవద్దు. వెంట్రుకంత గీత చాలు, సీల్ కోసుకుపోయి నూనె కారడం మొదలవుతుంది. దుకాణంలో పడుకోబెట్టి ఉన్న షాకబ్జర్‌ను నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి తీయండి, లోపలి గాలి పైకి వెళ్తుంది. కొత్త బంప్ స్టాప్, కొత్త దుమ్ము తొడుగు, కొత్త మౌంట్ బేరింగ్ వేయండి. స్ప్రింగు కింది కొన పళ్లెంలో దానికున్న గాడిలోనే కూర్చోవాలి.

బుష్షులను ఇంట్లో సుత్తితో దించకండి. ఆర్మ్ తీసుకుని హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపుకు వెళ్లండి. వెనక బుష్‌లో చెప్పిన ఆ ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో పాతది తీయకముందే ఆర్మ్ మీద గుర్తు పెట్టి, ఫొటో తీసుకోండి. కొత్తది అదే దిక్కుకు దిగాలి. అడ్డంగా దిగితే కొత్త బుష్ కూడా పాతదానిలాగే ఊగుతుంది. జారడానికి సబ్బు నీళ్లు వాడమని చెప్పండి. ఇంజిన్ ఆయిల్ పూస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బుష్షులు ముందే నొక్కి ఉన్న కొత్త ఆర్మ్ దొరికి, ధర అందుబాటులో ఉంటే ఈ తిరుగుడంతా తప్పుతుంది.

తిరిగి కట్టడం, టేపు పట్టడం

విప్పిన వరసకు ఎదురు వరసలో కట్టండి. స్ట్రట్ హబ్‌లో అడుగుదాకా దిగిందో లేదో చూసుకుని దాని బోల్టు పూర్తిగా బిగించవచ్చు. బాల్ జాయింట్‌ను పాత గుర్తు మీద కూర్చోబెట్టి దాని బోల్టులూ బిగించవచ్చు, వాటికి రబ్బరు మెలి సంబంధం లేదు. ఆర్మ్ రెండు బోల్టులు మాత్రం చేతితో తిప్పి, ఆర్మ్ ఊగేంత వదులుగా వదలండి.

ఇప్పుడు రెండో జాకీ. బాల్ జాయింట్ కింద చెక్క ముక్క అడ్డం పెట్టి, హబ్‌ను మెల్లగా పైకి ఎత్తండి. పొద్దున రాసుకున్న అంకె రావాలి. హబ్ నడుమ నుంచి ఫెండర్ అంచు దాకా నాకైతే 36.5. టేపు పట్టుకుని చూస్తూ ఎత్తండి. ఎత్తుతున్నప్పుడు కారు స్టాండ్ మీద నుంచి లేస్తోందేమో కన్ను అక్కడ కూడా ఉంచండి. లేస్తే ఆపేయండి. అలాంటప్పుడు చక్రాలు వేసి కారును దించి, సర్వీసు గుంత ఉన్న గ్యారేజీలో దాని మీదికి తీసుకెళ్లి కింద నుంచి బిగించడం మంచిది. వదులు బోల్టులతో వీధి దాకా కూడా నడపకండి, ఓ మోస్తరుగా బిగించి వెళ్లి, అక్కడ వదిలి మళ్లీ బిగించండి.

కొలత వచ్చిందా? అదే ఎత్తులో ఉంచి ఆర్మ్ బోల్టులు టార్క్ రించ్‌తో బిగించండి. అంకెలు మీ కారు సర్వీసు మాన్యువల్ నుంచే తీసుకోండి. నేను మార్కర్‌తో బోల్టు తల మీద గీత గీసి, డిగ్రీల తిప్పుడు దాన్ని చూసి లెక్కపెడతాను. లింక్ రాడ్లను రెండు పక్కలూ పూర్తయ్యాక చివర్లో బిగించండి. చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా, కారు నేల మీద ఉండగా.

వెనక పని దీనికన్నా చిన్నది. అక్కడ షాకబ్జర్ వేరు, స్ప్రింగు వేరు. యాక్సిల్ బీమ్ కింద జాకీ ఆనించే షాకబ్జర్ విప్పండి, లేకపోతే బీమ్ ఒక్కసారిగా దిగి బ్రేకు గొట్టాలు సాగుతాయి. కింది బోల్టుకు కూడా రబ్బరు బుష్ ఉంది కాబట్టి టేపు నియమం అక్కడా వర్తిస్తుంది. బీమ్ ముందు బుష్షులు పోతే మాత్రం లిఫ్టు, సరైన పుల్లర్ ఉన్నచోటికి ఇవ్వండి.

రోడ్డు మీదికి

మొదట ఇరవై ముప్పై వేగంతో వీధులు తిరగండి, బ్రేకు రెండుసార్లు గట్టిగా తొక్కి చూడండి. తర్వాత నేను పానగల్లు వైపు వెళ్తాను, ఉదయ సముద్రం పక్క రోడ్డు మీద పొద్దున్నే సందడి తక్కువ, చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అద్దాలు దించి, పాటలు ఆపి నడపండి.

వీల్ అలైన్‌మెంట్ అదే రోజు ఒకసారి చేయించండి, టైర్లు తినకుండా ఉంటాయి. కొత్త బుష్షులూ స్ట్రట్లూ కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు ఇచ్చి, రెండోసారి చేయించండి. మిషన్ మీద ఎక్కించే ముందు నాలుగు టైర్ల గాలి సరిచూడమనండి. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే సరిచేసి పంపేస్తుంటారు, కేంబర్ (చక్రం నిలువు వాలు) రీడింగ్ కూడా ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. ఎడమకూ కుడికీ కేంబర్ తేడా ఎక్కువ ఉంటే బాల్ జాయింట్ గుర్తు తప్పి కూర్చుందేమో చూడండి. మూడు బోల్టులు వదిలి సరిచేసి, కొత్త బోల్టులతో బిగించవచ్చు.

వంద కిలోమీటర్ల లోపు చక్రం బోల్టులకు మళ్లీ టార్క్ రించ్ పెట్టండి. రెండో అలైన్‌మెంట్ రోజు కారు ఎలాగూ ఎత్తులో ఉంటుంది కాబట్టి టార్చి వేసి మీ మార్కర్ గీతలన్నీ పెట్టినచోటే ఉన్నాయో లేదో చూడండి. ఆ తర్వాత ఫెండర్ దగ్గర ఇంకోసారి టేపు పట్టి, కొత్త కొలతను తేదీతో సహా సర్వీసు పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు నా పుస్తకంలో రెండు అంకెలున్నాయి. ఆ పనికి రెండేళ్లు దాటింది, ముందు బుష్షుల రబ్బరు మీద ఇంతవరకు గీత పడలేదు.